మగతోడు అదనం

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కొట్టు తలుపు తీసి, ముందు కుర్చీలో కూర్చుని, ముఖం గంభీరంగా పెట్టుకుని, మధ్యాహ్నం ఒంటిగంట దాకా కదలకుండా ఉండాలి. ఆ రోజు పథకం అంతే. సంగీతం మాస్టారికి ఇదేమంత కష్టమైన పని కాదు. ఆయన పాఠాలన్నీ సాయంత్రాలే, పగలంతా ఖాళీ. పైగా గంభీరంగా కూర్చోవడం ఆయనకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది. ఇంట్లో ఏది పాడైనా ఆయన చేయగలిగింది అదొక్కటే.

బాగుచేసేది ఆయన భార్య. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు మోటార్లకు రాగితీగ కాయిళ్లు చుట్టిన మనిషి. అక్కడ అందరూ కాయిలక్క అని పిలిచేవారు. ఆ పేరే వీధిలోనూ స్థిరపడింది. ఆమె కళ్లు మూసుకుని మిక్సీ విప్పి, కళ్లు తెరవకుండానే బిగించగలదు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు చేతికొచ్చిన డబ్బంతా పెట్టి, వీధి చివర చిన్న గది అద్దెకు తీసుకుని రిపేరు కొట్టు తెరిచింది. మూడు నెలల అద్దె ముందే కట్టింది. ఈలోగా కొట్టు నిలదొక్కుకుంటే సరేసరి. లేదంటే బావగారి చెప్పుల కొట్లో కౌంటరు దగ్గర కూర్చోవాలి. బావగారు మంచివాడే. కాకపోతే రోజుకు నాలుగుసార్లు "నేను ముందే చెప్పాను" అంటాడు. ఏం చెప్పాడో ఆయనకే గుర్తుండదు.

రెండు నెలలు గడిచాయి. కొట్టుకు జనం రాలేదని అనడానికి లేదు. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు చంకన పెట్టుకుని మరీ వచ్చారు. వచ్చి కాయిలక్క వంక చూసి, ఆమె భుజం మీదుగా వెనక గోడ వంక చూసి, అదే మాట అడిగారు.

"మెకానిక్ లేడామ్మా?"

"నేనేనండీ మెకానిక్‌ని."

"అది కాదమ్మా. మెకానిక్."

ఒకాయనైతే ఫర్వాలేదు, వచ్చేదాకా ఉంటానని బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో ఆయన కళ్లెదురుగానే ఆమె తన ఇంటి ఫ్యాన్లు రెండు విప్పి, తీగ మార్చి, బిగించి, తిప్పి చూపించింది. "నీకు చేతిపని కూడా వచ్చునే! మంచిదమ్మా, కాలక్షేపం అవుతుంది," అని మెచ్చుకుని, తన ఫ్యాను తను పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి కాయిలక్క అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసింది. ఆమెకు ఏడుపు రావడం మాస్టారు పదహారేళ్లలో మూడుసార్లు చూశాడు. ఇది నాలుగోసారి.

మందు కనిపెట్టింది మాస్టారి తల్లి. కోడలంటే ఆవిడకు ప్రాణం, కొడుకంటే ప్రేమ. రెండిటికీ చాలా తేడా ఉంది.

"అమ్మాయ్, వాళ్లకు కావలసింది మెకానిక్ కాదే, మీసం. మనింట్లో ఒకటి ఊరికే పడుంది. తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెట్టు," అంది ఆదివారం భోజనాల దగ్గర.

"నాకు స్క్రూ ఎటు తిప్పాలో కూడా తెలియదమ్మా!" అన్నాడు మాస్టారు.

"తెలిసినదానికి బోణీ అవడం లేదు కదరా. తెలియనివాడివి నువ్వెళ్లు."

పోయిన తండ్రిగారి ఖాకీ చొక్కా పెట్టెలోంచి పైకి తీశారు. జేబులో ఒక స్క్రూడ్రైవరు గుచ్చారు. కుర్చీ వెనక అడ్డంగా పాత దుప్పటి కట్టారు. దుప్పటికి అవతల కాయిలక్క, ఇవతల మాస్టారు. ఆయన పలకవలసిన మాటలు మూడే మూడు. "చూద్దాం." "రేపు రండి." "కొంచెం ఖర్చవుతుంది." మాస్టారు వాటిని రాగం లేకుండా పలకడానికి అద్దం ముందు అరగంట సాధన చేశాడు.

సోమవారం మొదటగా వచ్చినవాడు మిక్సీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్టారు దాన్ని చూశాడు. అదీ ఆయన్నే చూస్తున్నట్టనిపించింది. చూద్దాం అన్న మాటయితే అనేశాడు గానీ ఎక్కడ చూడాలో తోచలేదు. ఏం చేయాలో తెలియని మనిషి తనకు తెలిసిందే చేస్తాడు కదా. మాస్టారు ముందుకు వంగి, మిక్సీకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "ఒకసారి తిప్పండి," అన్నాడు. అది గుర్రుమంది.

"శ్రుతి తప్పింది," అన్నాడు మాస్టారు.

మిక్సీ తెచ్చినవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని ముఖంలో భక్తి కనిపించింది. "చెవితోనే కనిపెట్టేస్తారా అండీ?" అన్నాడు.

"రేపు రండి," అన్నాడు మాస్టారు.

దుప్పటి వెనక కాయిలక్క ఏడు నిమిషాల్లో దాన్ని బాగుచేసింది. అయినా రేపటిదాకా ఉంచింది. అప్పటికప్పుడు ఇచ్చేస్తే విలువుండదని ఆమెకు రెండు నెలల్లో బాగా తెలిసొచ్చింది.

నాలుగు రోజులు తిరక్కుండా వీధిలో ఆయనకు చెవి మాస్టారని పేరు పడిపోయింది. వారం తిరిగేసరికి పక్క వీధులవాళ్లు కూడా వరస కట్టారు. మిక్సీలు, ఫ్యాన్లు సరే, గోడ గడియారాలొచ్చాయి, కుట్టుమిషన్లొచ్చాయి. ఒకాయన స్కూటరు నడిపించుకుంటూ వచ్చి, బెంచీ పక్కన ఆపి, "మీరు విన్నాకే షెడ్డుకి తీసుకెళ్తానండీ," అన్నాడు. ఒక ముసలావిడ మోకాలు చాపి, కాస్త విని చెప్పు నాయనా అంది. మాస్టారు మొహమాటానికి విన్నాడు. "శ్రుతి తప్పింది," అన్నాడు. "నేనూ అదే అనుకున్నా," అంది ముసలావిడ, చాలా తృప్తిగా.

పొగడ్త మహా చెడ్డది. అబద్ధమని తెలిసినా లోపలికి దిగుతుంది. మాస్టారు మొదటి వారం ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ కథలు చెప్పేవాడు. రెండో వారం నవ్వకుండా చెప్పడం మొదలుపెట్టాడు. మూడో వారం ఇంట్లో కూర గిన్నెకు చెవి ఆనించి, "ఇంకా ఉడకాలి," అన్నాడు. తల్లి గరిటె పైకెత్తింది గనుక సరిపోయింది.

కాయిలక్క కూడా మొదట్లో నవ్వేది. రానురాను ఆ నవ్వు తగ్గింది. డబ్బు వస్తోంది, అద్దె దిగులు తీరేట్టుంది, బావగారు ముందే చెప్పింది ఏమిటో వినే అవసరం ఉండదేమో. కానీ ఒకరోజు పొద్దున ఒకావిడ బాగైన ఫ్యాను తీసుకుంటూ, దుప్పటి పక్కనుంచి తొంగిచూసి, "అదృష్టవంతురాలివమ్మా. నీకింత పనిమంతుడు దొరికాడు," అంది. కాయిలక్క వేళ్లకు ఆ ఫ్యాను తాలూకు గ్రీజు ఇంకా ఆరలేదు. ఆమె దుప్పటి దగ్గరకు లాక్కుంది. మాస్టారు అది చూశాడు. ఏదో ఒకటి అనాలనుకున్నాడు. ఇంతలో ఇంకొకరు కుట్టుమిషను తెచ్చి బల్ల మీద పెట్టారు.

మూడో నెల చివరి వారంలో పెద్ద లాండ్రీ యజమాని వచ్చాడు. మూడు ఆస్పత్రుల దుప్పట్లూ తెల్లకోట్లూ ఉతికేది వాళ్లే. తొమ్మిది మెషిన్లున్నాయి. ఆయన కూర్చోగానే బెంచీ మూలిగింది.

"మాస్టారూ, మీ గురించి చాలా విన్నాను. మా దగ్గరొక పెద్ద మెషినుంది. పనివాళ్లు దాన్ని ఏనుగంటారు. తిరుగుతుంది గానీ బట్టలు పిండదు, కీచుమంటుంది. ముగ్గురొచ్చి చూసి చేతులెత్తేశారు. రేపు పొద్దున పదింటికి వచ్చి నా కళ్లెదురుగా బాగుచెయ్యండి. చేశారా, తొమ్మిది మెషిన్ల మరమ్మతూ ఏడాదిపాటు మీదే. కాగితం కూడా రాయించి ఉంచుతాను."

ఏడాది పని! దుప్పటి వెనక ఏదో పనిముట్టు కింద పడింది.

"చూద్దాం," అన్నాడు మాస్టారు.

"ఒక్క మాట. మెషిన్ల దగ్గరికి ఆడవాళ్లని రానివ్వం. నాజూకు సరుకు కదండీ, వాళ్లకి దెబ్బలూ గట్రా తగిలితే మాట నా మీదకొస్తుంది. మీ సంచీ మోయడానికైతే మీ ఆవిడ రావచ్చు."

ఆ సంచీ బరువు పద్దెనిమిది కిలోలు.

ఆ పూట ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. జబ్బు ఏమిటో కాయిలక్కకు యజమాని చెబుతుండగానే తెలిసిపోయింది. "బెల్టు సాగి వదులైందండీ, ఇంకేం లేదు. వెనక రేకు తీసి, మోటారు బోల్టు వదులు చేసి, మోటార్ని కాస్త వెనక్కి లాగి, మళ్లీ బిగించడమే. పది నిమిషాల పని," అంది. "పది నిమిషాలు నేను దాని దగ్గరికి వెళ్లగలిగితే."

"నేను నిజం చెప్పేస్తానోయ్," అన్నాడు మాస్టారు.

"చెబితే ఒప్పందం పోతుంది. ఒప్పందం పోతే చెప్పుల కొట్టు," అంది ఆమె.

అప్పుడు తల్లి అందుకుంది. "మీ నాన్నా నేనూ చుట్టాల ముందు దగ్గుతో మాట్లాడుకునేవాళ్లం. ఒక దగ్గయితే కాఫీ పెట్టు. రెండయితే పెట్టకు. మూడయితే వీళ్లు రాత్రికి కూడా ఉండేట్టున్నారు, ఏదో ఒకటి చెయ్యి. ముప్పయ్యేళ్లు ఒక్కళ్లకీ అనుమానం రాలేదు."

ఆ పద్ధతే ఖాయమైంది. ఒక దగ్గు వినిపిస్తే, చేతికి అందినది వదులు చేయాలి. రెండు దగ్గులంటే బిగించాలి. మూడంటే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలి. మాస్టారు దీన్ని తాళం నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడు. ఇస్త్రీపెట్టె మీద నాలుగుసార్లు సాధన చేస్తే నాలుగుసార్లూ తప్పు రాలేదు. పడుకునేముందు ఆయనకు ధైర్యం కూడా వచ్చింది. రాకుండా ఉంటేనే బాగుండేది.

మర్నాడు పదింటికి లాండ్రీలోకి అడుగుపెట్టారు. పొడవాటి హాలు. ఒక గోడ వెంబడి మెషిన్లు, ఇంకో గోడ వెంబడి ఇస్త్రీ బల్లలు. ఇరవైమంది పనివాళ్లు తడి దుప్పట్లు భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ ఇరవైమందీ ఆడవాళ్లే. మాస్టారు కాస్త తికమకపడి యజమాని వంక చూశాడు.

"మెషిన్ల దగ్గరికి ఆడవాళ్లని రానివ్వమన్నారు?"

"రానివ్వం కదండీ. వీళ్లు బట్టలు వేస్తారు, తీస్తారు, మోస్తారు, అంతే. దగ్గరికి రారు."

మెషిన్లకు మూడు అడుగుల దూరంలో నేల మీద పసుపు గీత ఉంది. కాయిలక్క సంచీ దించి ఆ గీత అవతల నిలబడింది. మాస్టారు ఏనుగు దగ్గరికి నడిచాడు. అది నిజంగానే ఏనుగంత ఉంది. ఇస్త్రీ ఆగిపోయింది. ఇరవైమందీ చూస్తున్నారు. అటువైపు వంద తెల్లకోట్లు మడతపెట్టి దొంతరగా ఉన్నాయి. వాటికోసం పన్నెండింటికి ఆస్పత్రి బండి వస్తుందని యజమాని చెప్పాడు.

మాస్టారు చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. "ఆహా," అని ఎవరో గొణిగారు.

కాయిలక్క ఒకసారి దగ్గింది. ఆయన వెనక రేకు మరలు వదులు చేశాడు. మళ్లీ ఒక దగ్గు. రేకు ఊడి చేతిలోకొచ్చింది. ఎంత తేలిక! లోపల బెల్టు కూడా కనిపించింది, ఆమె చెప్పినట్టే వేలాడుతూ. మాస్టారికి చెప్పలేనంత ఆనందం కలిగింది. తనకు ఈ విద్య పుట్టుకతోనే ఉందేమో, ఎవరూ గమనించలేదేమో అని కూడా అనిపించింది.

సరిగ్గా అప్పుడే హాలు చివర ఎవరో సబ్బుపొడి బస్తా విప్పారు.

తెల్లటి దుమ్ము లేచింది. ముందుగా యజమాని దగ్గాడు, ఒక్కసారి. మాస్టారు ఆ ఆనందంలో మళ్లీ కళ్లు మూసుకుని ఉన్నాడు. చెవికి దగ్గు వినిపించింది, చేతికి ఏదో బోల్టు అందింది, తిప్పేశాడు. బస్తా విప్పినావిడ దగ్గింది. ఇంకో బోల్టు ఊడింది. ఇస్త్రీ బల్లల దగ్గరనుంచి ఒక దగ్గు, తలుపు దగ్గరనుంచి ఒక దగ్గు. మాస్టారి నుదుటిన చెమట పట్టింది. ఇంత పనుందని ఆవిడ ఇంట్లో చెప్పలేదే అనుకున్నాడు. అయినా పని దగ్గర ఎదురు ప్రశ్నలు వేయకూడదు కదా. బోల్టు వెనక బోల్టు, గొట్టం వెనక గొట్టం, అందినదల్లా విప్పుకుంటూ పోయాడు. కాళ్ల దగ్గర మరలు కుప్పపడ్డాయి.

"ఏవండీ!" అంది కాయిలక్క గీత అవతలనుంచి, పళ్ల బిగువున.

మాటలు పట్టించుకోవద్దని, దగ్గులే లెక్కపెట్టమని ఆమే చెప్పింది. ఆయన పట్టించుకోలేదు. ఆమె గట్టిగా మూడుసార్లు దగ్గింది. అదే క్షణంలో యజమాని ఒకసారి దగ్గాడు. మొత్తం నాలుగు. నాలుగు దగ్గులకు అర్థమేమిటో నిన్న ఎవరూ అనుకోలేదు. మూడు, ఒకటి అనుకుంటే ముందు ఆగాలి, ఆ తర్వాత వదులు చేయాలి. మాస్టారు ఒక క్షణం ఆగాడు. తర్వాత చేతికి తగిలిన లావుపాటి గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని వదులు చేశాడు.

అది నీళ్ల గొట్టం.

నీళ్లు ముందు ఆయన ముఖానికి కొట్టాయి, తర్వాత యజమాని పొట్టకు కొట్టాయి. ఆ తర్వాత హాలు మీదుగా వంతెనలా వంగి, విప్పిన సబ్బుపొడి బస్తాలో పడ్డాయి. బస్తాలోంచి నురగ లేచింది. లేచి, పొంగి, నేల మీదకు దిగి, చీలమండల దాకా వచ్చి, మోకాళ్ల వైపు చూసింది. ఇస్త్రీ చేసేవాళ్లు దుప్పట్లు నెత్తిన పెట్టుకుని బల్లలెక్కారు. యజమాని జారి కూర్చుని, అలాగే కూర్చున్న చోటునుంచే గుమ్మం దాకా వెళ్లాడు. హాలంతా అందరూ కలిసి ఎన్ని దగ్గులు దగ్గారో లెక్కలేదు. మాస్టారు ఆ దగ్గులన్నిటినీ విని, ఇక ఏం చేయాలో తోచక, చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. నీళ్లు ఆయన మీద పడుతూనే ఉన్నాయి.

నురగ తెల్లకోట్ల దొంతర వైపు సాగింది.

అప్పుడు కాయిలక్క పసుపు గీత దాటింది. ఎవరినీ అడగలేదు. "కరెంటు మెయిన్ తీసెయ్యండి! ఎవరూ కదలొద్దు! అక్కా, ఆ కోట్లు పైకెత్తు!" అని ఒక్క అరుపు అరిచింది. పద్నాలుగేళ్లు ఫ్యాక్టరీ రొదలో మాట్లాడిన గొంతు అది. ఇస్త్రీవాళ్లలో పెద్దావిడ, అందరూ పెద్దక్క అనేది, వంద కోట్లనూ రెండు చేతులా ఎత్తి పైబల్ల మీద పడేసింది. ఇంకొకామె మెయిన్ కట్టేసింది. కాయిలక్క గోడ దగ్గర కుళాయి కట్టేసి, భర్తను భుజం పట్టుకుని పక్కకు జరిపింది. గోడకు ఆనించిన నిచ్చెనను జరిపినట్టే జరిపింది. ఆ తర్వాత నురగలో చెయ్యి పెట్టి మరలు ఒక్కొక్కటే తడిమి ఏరుకుంది.

నలభై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు ఏనుగు జబ్బుకు, ముప్పై నిమిషాలు మాస్టారి వైద్యానికి. గొట్టం బిగించింది, బోల్టులు బిగించింది, బెల్టు లాగి చూసుకుంది. తడిసిన చోటల్లా పొడిగుడ్డతో తుడిచి, మెయిన్ వేయమంది. ఏనుగు కీచుమనలేదు. గిర్రున తిరిగి, దుప్పట్లను పిండి, మెత్తగా ఆగింది. ఇస్త్రీవాళ్లు బల్లల మీదనుంచే చప్పట్లు కొట్టారు. అప్పుడు టైము పదకొండుంపావు.

యజమాని పొట్టమీద నురగ తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. కళ్లలో నీళ్లు. సబ్బు వల్లో, భావం వల్లో చెప్పడం కష్టం. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గురువంటే మీరండీ! మొత్తం విప్పదీసి, కావాలనే నీళ్లు వదిలి, మీ ఆవిడకు పరీక్ష పెట్టారు! మీరు చెయ్యి కూడా వెయ్యకుండా అలా కొండలా నిలబడ్డారే, అది చూసి నాకు ఒళ్లు జలదరించింది. ఏం నేర్పారండీ, ఏం నేర్పారు!"

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె మోచేతుల దాకా నురగ, నల్లటి గ్రీజు. ఆమె ఎవరి వైపూ చూడడం లేదు. ఆయనకు ఒక్కసారిగా సిగ్గేసింది. మూడు వారాలుగా తన చెవికి అందిన పొగడ్తలన్నీ ఎవరివో అప్పుడు తెలిసింది.

"అయ్యా, ఒక్క మాట వినండి," అన్నాడు. "నేను మెకానిక్‌ని కాదు. సంగీతం పాఠాలు చెప్పుకునేవాణ్ని. వయొలిన్ తీగ తెగితే కూడా షాపుకి తీసుకెళ్తాను. మా కొట్లో పనంతా చేసేది ఈవిడే, నేను ఊరికే కూర్చుంటాను."

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడు యజమాని ఇరవైమందికీ వినబడేట్టు.

"వినయం కాదండీ! నాకు నిజంగానే ఏమీ రాదు!"

"పెద్దవాళ్లంతా అలాగే అంటారండీ. పైగా సంగీతం కూడా వచ్చా? అదన్నమాట ఆ చెవి రహస్యం!"

మాస్టారు ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. ప్రమాణం చేశాడు. స్క్రూడ్రైవరు తలకిందులుగా పట్టుకుని చూపించాడు. యజమాని చిరునవ్వు నవ్వి భుజం తట్టాడు. చెప్పిన మాట చెప్పినట్టే ఉంది, ఎదుటివాడి చెవిలోకి మాత్రం దిగడం లేదు. నిస్సహాయంగా భార్య వంక తిరిగాడు.

"ఎంత చెప్పినా వినడం లేదోయ్!"

"ఇప్పుడు తెలిసిందా?" అంది కాయిలక్క. "మీకు అయిదు నిమిషాలే అయింది."

ఆమెకు కోపం వచ్చింది, దుఃఖం కూడా వచ్చింది. మోచేత్తో కళ్లు తుడుచుకోబోయి, సబ్బు అంటుకుని, ఇంకా మండి, ఇంకా కోపం తెచ్చుకుంది. యజమాని మేజా మీంచి ఒప్పందం కాగితం తెచ్చి మాస్టారి చేతిలో పెట్టబోతుంటే మధ్యలోనే అందుకుంది. తలా తోకా చదివింది. పెన్ను అడిగింది.

"ఇందులో మరమ్మతుకి ఒకటే రేటు రాశారు. మా దగ్గర మూడు రేట్లండీ," అంది.

"మూడా?"

"మరమ్మతు నేను చేస్తాను. దానికి మీరు రాసిన రేటే. మా ఆయనొచ్చి పక్కన నిలబడి వినాలంటే, దాని మీద సగం అదనం."

"న్యాయమే," అన్నాడు యజమాని. "అంతటి చెవి మరి! మూడోదేమిటమ్మా?"

"ఆయన వినేసి, ఏమీ ముట్టుకోకుండా ఉండాలంటే, ఇంకో పావు అదనం."

యజమాని హాలు వంక చూశాడు. ఇద్దరు మనుషులు నురగను తట్టలకెత్తి బయట పారబోస్తున్నారు. ఆయన చెప్పు ఒకటి గుమ్మం దగ్గర తేలుతోంది.

"ముట్టుకోకుండా ఉండేదే రాయండి," అన్నాడు.

కాయిలక్క రాసింది. మరమ్మతు చేసేవారు అన్నచోట తన పేరు, పక్కన నిలబడేవారు అన్నచోట భర్త పేరు. యజమాని సంతకం పెట్టి, మాస్టారికి మరోసారి నమస్కారం చేసి, కోట్లు లెక్క చూసుకోవడానికి వెళ్లాడు. పెద్దక్క సంచీ అందుకుని గుమ్మం దాకా మోసుకొచ్చింది.

"మేమందరం చూశాం లేవమ్మా. మా ఇళ్లల్లో మిక్సీలూ ఫ్యాన్లూ ఏం పాడైనా నీ దగ్గరికే తెస్తాం," అని, మాస్టారి వంక జాలిగా చూసి గొంతు తగ్గించింది. "ఈయన్ని మాత్రం కాస్త దూరంగా కూర్చోబెట్టు."

ఇంటికొచ్చాక తల్లి జరిగినదంతా విని చాలాసేపు నవ్వింది. తర్వాత కోడలి చేతిలో సున్నిపిండి పెట్టింది, కొడుకు చేతిలో తుడుపుగుడ్డ పెట్టింది. ఆ రాసిన కాగితం మాత్రం ఆవిడకు తెగ నచ్చింది. "లాండ్రీవాడికొక్కడికే ఎందుకే? మీసం కావాలన్నవాళ్లందరి దగ్గరా తీసుకో. ఊరికే ఇస్తుంటే అలుసైపోతుంది," అంది.

సోమవారం కొట్లో దుప్పటి తీసేశారు. దాని బదులు గోడకు ఒక అట్ట వేలాడింది. మరమ్మతుకు ఇంత. మగమనిషి పక్కన నిలబడి వినాలంటే సగం అదనం. ఆయన ముట్టుకోకుండా ఉండాలంటే ఇంకో పావు. మాస్టారు ఖాకీ చొక్కా వేసుకుని, అట్ట కింద, గంభీరంగా కూర్చున్నాడు.

మొదటి రోజు వచ్చినవాళ్లంతా అదనం కట్టారు. మగతోడు లేకుండా మెషిన్ల పని ఎలా చేయిస్తామండీ అన్నారు. రెండో వారం కొందరు అట్టను రెండుసార్లు చదవడం మొదలుపెట్టారు. ఒక పెద్దమనిషి అటూ ఇటూ చూసి, కాయిలక్క దగ్గరగా వంగాడు.

"ఆయన వినకపోతే ఏమవుతుందమ్మా?"

"ఏమీ కాదండీ. డబ్బు మిగులుతుంది."

"అయితే ఈసారికి వద్దులే. మనలో మన మాట, ఎవరికీ చెప్పకు."

ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడు గనుక రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. నెల తిరిగేసరికి సగంమంది ఒట్టి మరమ్మతు చాలన్నారు. రెండో నెలకు ముసలావిడ ఒక్కతే మిగిలింది, అదీ మోకాలు కోసం. మూడో నెలలో లాండ్రీ యజమాని బిల్లు చేత్తో పట్టుకుని స్వయంగా వచ్చాడు. నీళ్లు నమిలాడు. మాస్టారి మీద తనకు గౌరవం ఏమాత్రం తగ్గలేదన్నాడు. అంతటి విద్వాంసుణ్ని ఊరికే నిలబెట్టి శ్రమపెట్టడం పాపమనిపిస్తోందన్నాడు. ఆ రెండు అదనాలూ కొట్టేయమని, పసుపు గీత కూడా తుడిపించేశానని చెప్పి, ఆవిణ్ని ఒక్కదాన్నే పంపించమన్నాడు.

మాస్టారు ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి, ఒంటిగంటకు బదులు పదింటికే ఇంటికి వెళ్లిపోయాడు. పగలు కూడా ఇద్దరు పిల్లలకు సంగీతం చెబుతున్నాడు. కాయిలక్క మెకానిక్ అని ఇప్పుడు ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. ఆమె కొట్టుకు రెండో గది కూడా తీసుకుంది. బావగారు వచ్చి చూసి, "నేను ముందే చెప్పాను," అన్నాడు.

మగతోడు లేనిదే ఏ పనీ జరగదని ఆ వీధిలో ఇప్పటికీ అందరూ అంటూనే ఉన్నారు గానీ, దానికి డబ్బు కట్టాలంటే మాత్రం ఒక్కరికీ మనసొప్పడం లేదు.